‘నీరసంగా ఉంది’ అన్న మాటా ఒక పరీక్షే

క్యాన్సర్ చికిత్సలో రక్తహీనతను ముందుగా పసిగట్టడానికి రోగి నోటి మాట ఎంతగా ఉపయోగపడుతుంది?

“ఎట్లుందమ్మా?” అని వైద్యుడు అడుగుతాడు. “బాగానే ఉంది సార్” అని ఆమె బదులిస్తుంది. పక్కన నిలబడిన కొడుకు రిపోర్టుల సంచి తెరుస్తాడు. రెండు నిమిషాల్లో తదుపరి కీమోథెరపీ తేదీ ఖరారవుతుంది. తిరుపతి ఆసుపత్రుల్లోనైనా, చిత్తూరు ప్రజలు తరచుగా వెళ్ళే వేలూరులోనైనా క్యాన్సర్ విభాగాల ముందు నిత్యం వినిపించే సంభాషణే ఇది. ఇంటి నుంచి ఆటో దాకా నడవడానికి మధ్యలో ఒకసారి కూర్చోవలసి వచ్చిందని ఆమె చెప్పదు. సజ్దా నుంచి లేస్తుంటే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని చెప్పదు. నాలుగు రోజులుగా వంటింట్లో నిలబడలేక కోడలికి పని అప్పగించిందన్న విషయమూ చెప్పదు. ఇవన్నీ వైద్యుడికి చెప్పవలసినంత పెద్ద విషయాలని ఆమె అనుకోదు. క్యాన్సర్ అన్నాక నీరసం తప్పదు కదా అనుకుంటుంది.

ఆమె చెప్పని ఆ మూడు సంగతులూ రక్తహీనతకు ఆనవాళ్ళు కావచ్చు. క్యాన్సర్ రోగుల్లో అతి సాధారణంగా కనిపించే సమస్యల్లో రక్తహీనత ఒకటి. సకాలంలో కనిపెడితే చాలావరకు సరిదిద్దుకోగలిగినది కూడా. అయినా అది చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది. రక్త పరీక్ష జరిగిన రోజు హిమోగ్లోబిన్ ఎంత ఉందో కాగితం చెబుతుంది. తరువాతి పరీక్ష దాకా రోగి శరీరంలో ఏం జరుగుతున్నదో చెప్పగలిగేది రోగి ఒక్కరే. ఆ మాటను క్రమపద్ధతిలో అడిగి, విని, రాసుకొని, దాన్ని రక్త పరీక్షకు దారి చూపే సంకేతంగా వాడుకోవాలని గత ముప్పయ్యేళ్ళుగా వైద్యలోకం నేర్చుకుంటూ వస్తున్నది. మన ఇళ్ళలో ఆ పద్ధతిని ఎలా పాటించవచ్చో ఈ వ్యాసంలో వివరించదలచాము.

రక్తం ఎందుకు తగ్గుతుంది?

ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్ అనే పదార్థం ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును అందుకొని శరీరమంతటికీ చేరవేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం గర్భవతులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకన్నా, పురుషులలో 13 గ్రాములకన్నా తక్కువగా ఉంటే దానిని రక్తహీనతగా పరిగణిస్తారు. 8 గ్రాములకన్నా తగ్గితే అది తీవ్రమైన రక్తహీనత.

క్యాన్సర్ రోగికి ఈ స్థితి అనేక దారుల్లో వస్తుంది. కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో రక్తం తయారుచేసే కణాలను కూడా దెబ్బతీస్తాయి. సిస్‌ప్లాటిన్ వంటి మందులు మూత్రపిండాల మీద ప్రభావం చూపుతాయి. రక్తం తయారు చేయమని మజ్జను ఆదేశించే ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ ఉత్పత్తయ్యేది మూత్రపిండాల్లోనే గనుక ఆ ఆదేశం బలహీనపడుతుంది. గర్భాశయ ముఖద్వారం, జీర్ణాశయం, పెద్దపేగు వంటి చోట్ల వచ్చే క్యాన్సర్లలో కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉంటుంది. వ్యాధి వల్ల శరీరంలో కలిగే వాపు మూలంగా, నిల్వ ఉన్న ఇనుమును కూడా శరీరం వాడుకోలేకపోతుంది. ఆకలి మందగించి తిండి తగ్గడం వీటన్నింటికీ తోడవుతుంది.

మన ప్రాంతంలో మరొక కారణాన్ని విస్మరించరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన ఇళ్ళలోని ఎందరో స్త్రీలు క్యాన్సర్ రాకముందే రక్తలేమితో బతుకుతున్నారు. ఏళ్ళ తరబడి తక్కువ రక్తంతో ఇంటిచాకిరీ చేయడానికి అలవాటు పడిన స్త్రీకి ‘మామూలు నీరసం’ ఏదో, ‘కొత్త నీరసం’ ఏదో తేడా తెలియడం కష్టం. అలాంటి శరీరం మీద కీమోథెరపీ భారం పడినప్పుడు నిల్వలు త్వరగా అడుగంటుతాయి.

2004లో వెలువడిన ఐరోపా క్యాన్సర్ రక్తహీనత సర్వే 24 దేశాల్లో 15 వేలకు పైగా రోగులను పరిశీలించింది. సర్వేలో చేరేనాటికే వారిలో 39 శాతం మందికి రక్తహీనత ఉంది. సర్వే ముగిసేలోగా ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడినవారు 67 శాతం. వారిలో సుమారు 60 శాతం మందికి దానికోసం ఏ చికిత్సా అందలేదు. వైద్య సదుపాయాలు మెండుగా ఉన్న దేశాల సంగతే ఇది!

నష్టం నీరసంతో ఆగదు. హిమోగ్లోబిన్ బాగా పడిపోతే కీమోథెరపీ వాయిదా పడవచ్చు. రేడియేషన్ చికిత్స విషయంలో మరొక చిక్కు ఉంది. ప్రాణవాయువు బాగా అందుతున్న కణితి మీద రేడియేషన్ బలంగా పనిచేస్తుంది. అది అందని కణితి మొండిగా నిలుస్తుంది. అందుకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చేటప్పుడు వైద్యులు హిమోగ్లోబిన్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచుతారు. కాబట్టి రోగి దాచుకున్న ఆయాసం ఒక్కొక్కసారి చికిత్స ఫలితాన్నే దెబ్బతీయగలదు.

రోగికి ఒకటి, వైద్యుడికి ఒకటి

1997లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలన ఈ విషయంలో కళ్ళు తెరిపించింది. 419 మంది క్యాన్సర్ రోగులను, దాదాపు 200 మంది క్యాన్సర్ వైద్యులను వేర్వేరుగా ప్రశ్నించారు. రోగుల్లో 78 శాతం మంది తమకు అలసట ఉన్నదని చెప్పారు. రోజువారీ జీవితాన్ని ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఏది, నొప్పా, అలసటా అని అడిగితే 61 శాతం మంది రోగులు అలసట అన్నారు. నొప్పి అన్నవారు 19 శాతం మాత్రమే. అదే ప్రశ్న వైద్యులను అడిగితే 61 శాతం మంది నొప్పి అన్నారు!

ఇందులో వైద్యుల నిర్లక్ష్యం ఉన్నదని మేము అనడం లేదు. నొప్పి ముఖంలో కనిపిస్తుంది. అలసట కనిపించదు. పైగా కుర్చీలో కూర్చున్న రోగిలో ఆయాసం బయటపడదు. మెట్లు ఎక్కినప్పుడు, బిందె మోసినప్పుడు, బట్టలు పిండినప్పుడు బయటపడుతుంది. ఆ సమయంలో వైద్యుడు అక్కడ ఉండడు. ఇంట్లోవారు ఉంటారు. రోగి చెబితేనో, ఇంట్లోవారు గమనిస్తేనో తప్ప ఈ సమాచారం ఆసుపత్రికి చేరే దారి లేదు.

మాటను కొలతగా మార్చారు

నీరసం కొలతకు లొంగుతుందా అని సందేహం రావచ్చు. జ్వరానికి థర్మామీటరు ఉంది, రక్తపోటుకు యంత్రం ఉంది. నీరసానికి ఏముంది? ఈ లోటును తీర్చడానికే ప్రశ్నావళులు పుట్టాయి.

కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో రూపొందిన రోగలక్షణాల పట్టిక 1991లో వెలువడింది. నొప్పి, అలసట, ఆకలి, ఆయాసం వంటి వాటికి రోగి తానే సున్నా నుంచి పది దాకా అంకె వేయాలి. సున్నా అంటే అసలు లేదని, పది అంటే ఇంతకన్నా ఘోరంగా ఉండదని అర్థం. ఒక నిమిషంలో పూర్తయ్యే ఈ సరళమైన పద్ధతి ప్రపంచవ్యాప్తంగా క్యాన్సర్ విభాగాల్లో వాడుకలోకి వచ్చింది.

1997లో అమెరికా పరిశోధకుడు డేవిడ్ సెల్లా బృందం రక్తహీనత కోసమే ఒక ప్రశ్నావళిని తయారుచేసింది. అది తయారైన తీరు గమనార్హం. రక్తహీనత ఉన్న 14 మంది క్యాన్సర్ రోగులను కూర్చోబెట్టుకొని ‘మీకు ఎలా ఉంటున్నది?’ అని అడిగారు. అయిదుగురు నిపుణుల అభిప్రాయాలు కూడా తీసుకున్నారు. వాటి నుంచి 20 ప్రశ్నలు తేలాయి. వాటిలో 13 ప్రశ్నలు అలసట గురించే. పని మొదలుపెట్టడానికి ఓపిక ఉంటున్నదా, మొదలుపెట్టిన పని ముగించగలుగుతున్నారా, పగలు పడుకోవలసి వస్తున్నదా అన్న తీరులో అవి సాగుతాయి. తక్కినవి తల తిరగడం, ఆయాసం, తలనొప్పి వంటి లక్షణాలను ఆరా తీస్తాయి. ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులను రక్త పరీక్షలతో పోల్చి చూస్తే, హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవారికీ బాగా ఉన్నవారికీ మధ్య తేడా స్పష్టంగా కనబడింది. రోగి మాట రక్తంలోని మార్పును ప్రతిబింబిస్తుందని అలా రుజువైంది.

రోగి మాటను క్రమంగా వినడం వల్ల ఆయుర్దాయం పెరుగుతుందా అన్న ప్రశ్నకు 2017లో ఒక జవాబు వచ్చింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో, వ్యాధి శరీరమంతా వ్యాపించిన 766 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మామూలు పద్ధతిలో వైద్యం అందింది. రెండవ వర్గంవారు తమ లక్షణాలను ఎప్పటికప్పుడు కంప్యూటర్ ద్వారా తెలియజేశారు. ఏదైనా లక్షణం తీవ్రమైతే వెంటనే నర్సుకు కబురు అందేది. మొదటి వర్గంవారి మధ్యగత జీవితకాలం 26 నెలలు కాగా, లక్షణాలు తెలియజేసినవారిది 31.2 నెలలు. ఇది రక్తహీనత ఒక్కదాని గురించి జరిగిన పరిశోధన కాదు. అయినా సమస్య ముదరకముందే చెప్పుకోగలిగితే ఎంత మేలో తెలుపుతున్నది. అంతకు ముందు ఏడాది ప్రచురితమైన ఫలితాల్లో, కంప్యూటర్ వాడకం అలవాటు లేని రోగులకే ఎక్కువ ప్రయోజనం కలిగినట్లు తేలడం విశేషం.

తిరుపతి, చిత్తూరు రోగుల దారి

మన ప్రాంతంలో క్యాన్సర్ వైద్యం గతంతో పోలిస్తే దగ్గరైంది. తిరుపతిలో 1993లో సేవలు ప్రారంభించిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ స్విమ్స్‌గా ఇంటింటికీ తెలుసు. టాటా ట్రస్టులు నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంరక్షణ, పరిశోధన సంస్థ 2022 మే 5న తిరుపతిలోనే ప్రారంభమైంది. చిత్తూరుకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, సరిహద్దుకు ఆవల, 1900లో ఐడా స్కడర్ ఒకే పడకతో మొదలుపెట్టిన క్లినిక్ నేడు వేలూరు సీఎంసీగా విస్తరించింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పేద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్సను అందుబాటులోకి తెచ్చింది.

చికిత్స దగ్గరైనా, రెండు చికిత్సల నడుమ కాలం ఇంట్లోనే గడుస్తుంది. చాలా రకాల కీమోథెరపీ మూడు వారాలకు ఒకసారి ఇస్తారు. అంటే ఒక రోజు ఆసుపత్రిలో, ఇరవై రోజులు పుంగనూరులోనో, పలమనేరులోనో, పీలేరులోనో, శ్రీకాళహస్తిలోనో ఇంట్లో. ఆ ఇరవై రోజుల్లోనే రక్తం తగ్గుతుంది, నీరసం పెరుగుతుంది. నీరసంగా ఉందన్న ఒక్క కారణానికి బస్సెక్కి తిరుపతి దాకా వెళ్ళాలంటే రానుపోను ఖర్చు, తోడు వచ్చేవారి కూలి నష్టం లెక్కకు వస్తాయి. “పదో తేదీ ఎట్లాగూ పోతున్నాం కదా, అప్పుడు చెప్తాం” అని వాయిదా వేస్తారు. పదో తేదీన చెప్పడం మరచిపోతారు.

ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటి ఉంది. హిమోగ్లోబిన్ పరీక్షకు పెద్దాసుపత్రికే వెళ్ళనవసరం లేదు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, పట్టణాల్లోని ఏ మామూలు ల్యాబ్‌లోనూ అది జరుగుతుంది. ఫలితం ఫోటో తీసి, చికిత్స చేస్తున్న ఆసుపత్రి ఇచ్చిన నంబరుకు పంపి, సలహా అడగవచ్చు. ఆ పరీక్ష ఎప్పుడు చేయించాలో చెప్పే గంట మాత్రం రోగి నోట మోగాలి.

మాట మారితే అర్థం మారుతుంది

మన కుటుంబాలకు ప్రత్యేకమైన ఒక ఇబ్బందిని కూడా ప్రస్తావించక తప్పదు. ఈ ప్రాంతపు ముస్లిం ఇళ్ళలో పెద్దవయసు స్త్రీలు ఎక్కువగా దక్కనీ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. తిరుపతిలో నర్సు తెలుగులో అడుగుతుంది. వేలూరులో తమిళం వినిపిస్తుంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. నానీ “చక్కర్ ఆరహా” అంటే తల తిరుగుతున్నదని అర్థం. దక్కనీ తెలియని వ్యక్తి చెవికి అది చక్కెర వ్యాధిలా వినిపించినా ఆశ్చర్యం లేదు. “కమ్‌జోరీ”, “థకన్”, “దమ్ చఢ్‌తా”, “ఘబ్రాహట్” అన్న నాలుగు మాటలకు నీరసం, అలసట, ఆయాసం, గుండెదడతో కూడిన ఆందోళన అని తేడాలున్నాయి. తోడు వెళ్ళిన మనవడు ఈ నాలుగింటినీ కలిపి “కొంచెం వీక్‌గా ఉంది సార్” అని ముగిస్తే, వైద్యుడికి అందవలసిన సమాచారంలో సగానికిపైగా దారిలోనే జారిపోయినట్లు.

తెలుగు మాట్లాడే ఇళ్ళలోనూ ఇదే పరిస్థితి. “సత్తువ లేదు”, “కాళ్ళు పీకుతున్నాయి”, “కండ్లు తిరుగుతున్నాయి”, “ఎగపోస్తున్నది” అన్నవి వేర్వేరు బాధలు. కాబట్టి తోడు వెళ్ళేవారు రోగి మాటను తమ మాటల్లోకి కుదించకుండా, రోగి అన్నది అన్నట్టే వైద్యుడికి వినిపించాలి. స్త్రీ రోగి అయితే, ముఖ్యంగా రక్తస్రావం వంటి విషయాలు మగవారి ముందు చెప్పడానికి సంకోచిస్తుంది. కూతురో, కోడలో, చెల్లెలో వెంట ఉంటే ఆ మాటలు బయటికి వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రోగుల్లో ఆ రక్తస్రావమే రక్తహీనతకు మూలకారణం కావచ్చు గనుక ఇది చిన్న విషయం కాదు.

చెప్పుకోవడం సహనానికి విరుద్ధమా?

“అల్లాహ్ పెట్టిన పరీక్ష, ఓర్చుకోవాలి గానీ నోరెత్తి చెప్పుకోకూడదు” అన్న భావన మన పెద్దల్లో బలంగా ఉంది. వారి విశ్వాసం గౌరవనీయం. అయితే సహనానికి ఇచ్చుకున్న ఈ అర్థం సరైనదేనా?

ప్రవక్త అయ్యూబ్ (అలైహిస్సలాం) సహనానికి మారుపేరు. ఆయన తనకు కలిగిన బాధను తన ప్రభువు ముందు నోరు తెరిచి చెప్పుకున్నట్లు దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ఆ గ్రంథమే ఆయనను సహనశీలి అని కొనియాడింది. దైవప్రవక్త (స) తీవ్ర జ్వరంతో ఉన్నప్పుడు పరామర్శించడానికి వచ్చిన సహాబీతో, తనకు ఇద్దరు మనుషులకు కలిగేంత జ్వరబాధ కలుగుతున్నదని తెలిపారని హదీసులలో ఉంది. బాధ ఉన్నదని చెప్పడమే గాక, ఎంత ఉన్నదో కొలిచి చెప్పినట్లయింది! సహీహ్ బుఖారీలో రోగులకు సంబంధించిన అధ్యాయంలో, రోగి తన బాధను వెల్లడించవచ్చని తెలిపే ప్రకరణమే ఒకటి ఉంది. వైద్యం చేయించుకోమని ఆయన (స) చేసిన బోధ కూడా అందరికీ తెలిసినదే. వైద్యుడికి లక్షణం చెప్పకుండా వైద్యం ఎలా సాగుతుంది?

విధిని నిందించడం వేరు, వైద్యుడికి వాస్తవం తెలపడం వేరు. మొదటిది సహనాన్ని చెరుపుతుంది. రెండవది చికిత్సలో భాగం. ఇంట్లోని పెద్దలకు ఈ తేడాను ప్రేమగా విడమరచి చెప్పవలసిన బాధ్యత పిల్లల మీద ఉంది.

మాటకు ఉన్న హద్దు

రోగి మాటకు ఉన్న విలువను చెప్పిన తరువాత దాని పరిమితిని కూడా చెప్పాలి. నీరసం ఉన్న ప్రతివారికీ రక్తహీనత ఉండదు. నిద్రలేమి, నొప్పి, దిగులు, థైరాయిడ్ లోపం, పోషకాహార లోపం, క్యాన్సర్ వ్యాధి, చికిత్స కూడా అలసట కలిగిస్తాయి. హిమోగ్లోబిన్ 13 ఉన్న మనిషి కూడా లేవలేనంత నీరసపడవచ్చు. దీనికి తలకిందుగానూ జరుగుతుంది. రక్తం మెల్లమెల్లగా తగ్గుతూ వస్తే శరీరం దానికి అలవాటు పడుతుంది. హిమోగ్లోబిన్ 7కు పడిపోయినా “బాగానే ఉన్నాను” అనేవారు ఉంటారు.

అందుచేత ‘నీరసం లేదు గనుక రక్త పరీక్ష అక్కరలేదు’ అని ఎవరూ అనుకోరాదు. వైద్యుడు చెప్పిన తేదీల్లో రక్త పరీక్షలు తప్పనిసరిగా జరగాలి. లక్షణాలు వాటికి అదనపు కాపలా. రోగి మాట తలుపు తడుతుంది, లోపల ఏముందో తేల్చేది రక్త పరీక్షే. కారణం తేల్చడానికి ఇనుము నిల్వలు, బి12, మూత్రపిండాల పనితీరు వంటి మరికొన్ని పరీక్షలు కూడా అవసరం కావచ్చు.

ఇంట్లో ఒక నోట్‌బుక్

పెద్ద పెద్ద ప్రశ్నావళులు ఇంట్లో అవసరం లేదు. ఒక చిన్న నోట్‌బుక్, ఒక పెన్ను చాలు. వారంలో రెండు రోజులు, ఒకే వేళకు, ఇంట్లో ఒకరు బాధ్యత తీసుకొని రోగిని ఈ అయిదు ప్రశ్నలు అడగాలి. మొదటి నాలుగింటికి సున్నా నుంచి పది దాకా అంకె రోగి చేతనే చెప్పించాలి. “అమ్మీ, రూపాయిలో పది పైసలంత ఉందా, యాభై పైసలంత ఉందా?” అని అడిగినా ఫరవాలేదు. రూపాయి లెక్క ఏ వయసువారికైనా తేలికగా అందుతుంది.

1. నీరసం, అలసట ఎంత ఉంది?

2. మెట్లు ఎక్కినప్పుడు, నడిచినప్పుడు ఆయాసం ఎంత వస్తున్నది?

3. పడక నుంచి, రుకూ నుంచి, సజ్దా నుంచి లేచినప్పుడు తల తిరగడం ఎంత?

4. గుండె దడ ఎంత?

5. నిన్న పగలు ఎన్ని గంటలు పడుకొని గడిపారు?

నమాజును ప్రస్తావించడానికి కారణం ఉంది. రోజుకు అయిదుసార్లు ఒకే క్రమంలో నిలబడి, వంగి, నేలకు తల ఆనించి, మళ్ళీ లేచే చర్య అది. మొన్నటిదాకా నిలబడి నమాజు చేసిన మనిషి ఈ వారం కుర్చీ అడిగితే, వుజూ నీళ్ళు మునుపటికన్నా చల్లగా తగులుతున్నాయంటే, అది ఇంట్లోవారందరికీ కనిపించే మార్పు. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని నమాజు చేయవచ్చన్న సౌలభ్యం ధర్మంలో ఉన్నదే. ఆ సౌలభ్యాన్ని వాడుకుంటూనే, ఎందుకు అవసరమైందో వైద్యుడికి తెలపాలి.

అలసటకు 1 నుంచి 3 దాకా వేస్తే స్వల్పం, 4 నుంచి 6 దాకా మధ్యస్థం, 7 నుంచి 10 దాకా తీవ్రం అని క్యాన్సర్ వైద్య మార్గదర్శకాల్లో లెక్క. అంకె 4కు చేరినా, వారం లోపల రెండు మూడు అంకెలు పెరిగినా, తరువాతి తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేసి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలా అని అడగడం మంచిదని మా సూచన. వీటితో పాటు ముఖం, అరచేతులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోవడం, నల్లని విరేచనాలు, పచ్చి బియ్యమో మట్టో ఐసుముక్కలో తినాలనిపించడం గమనిస్తే అవీ రాసుకోవాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టులతో పాటు ఈ నోట్‌బుక్ కూడా సంచిలో ఉండాలి. “బాగానే ఉంది సార్” అన్న మాటకు బదులు మూడు వారాల అంకెలు వైద్యుడి ముందుంటాయి. వాటిని చదవడానికి అర నిమిషం చాలు.

రక్తం తక్కువని తేలితే

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది. ఇనుము లోపమైతే మాత్రలో, సెలైన్ ద్వారా ఎక్కించే ఇనుమో ఇస్తారు. రక్తం పోతున్న చోటును చూసి దాన్ని ఆపుతారు. హిమోగ్లోబిన్ బాగా పడిపోయినా, రోగి ఆయాసపడుతున్నా రక్తం ఎక్కిస్తారు. ఒక యూనిట్ రక్తంతో హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది. ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి గానీ, వాటి వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం, కొందరిలో క్యాన్సర్ పెరిగే ప్రమాదం ఉన్నందున 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటికి తీవ్ర హెచ్చరిక జోడించింది. ఎవరో బాగుపడ్డారని విని అవి కావాలని పట్టుబట్టడం తగదు. ఇనుము మాత్రలు కూడా వైద్యుడికి చెప్పకుండా సొంతంగా మొదలుపెట్టరాదు.

ఖర్జూరాలు, బీట్‌రూట్ రసం, పాయా షోర్బాతో రక్తం పట్టేస్తుందన్న నమ్మకం మన ఇళ్ళలో ఉంది. మంచి తిండి కావలసిందే. బాగా ఉడికించిన మాంసం, కలేజీ, గుడ్లు, మునగాకు, పప్పులు, వాటితో పాటు నిమ్మ, ఉసిరి, జామ మేలు చేస్తాయి. భోజనం చేసిన వెంటనే చాయ్ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఒక గంట ఆగడం మంచిది. కానీ కీమోథెరపీ వల్ల మజ్జ దెబ్బతిన్నప్పుడు తిండి ఒక్కటే సరిపోదు. నెల రోజులు ఖర్జూరాలతో గడిపి ఆపై ఆసుపత్రికి వెళితే ఆ నెల నష్టం పూడ్చుకోవడం కష్టమవుతుంది.

రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు దాతలు కావాలి. ప్రాణరక్షణ కోసం రక్తదానాన్ని పండితులలో అధికులు అనుమతించారు. ఇంట్లోని ఆరోగ్యవంతులైన యువకులు తమ రక్తవర్గం తెలుసుకొని ముందే సిద్ధంగా ఉండడం ఎంతో ఉపకారం.

రంజాన్ నెలలో

రంజాన్‌లో ఈ సమస్య మరింత మరుగున పడుతుంది. నీరసాన్ని రోజా మీదకు, తల తిరగడాన్ని తరావీహ్ అలసట మీదకు నెట్టివేస్తారు. రోగులు రోజాలను వేరే రోజులలో పూర్తి చేసుకోవచ్చని బఖరా సూరాలోనే అనుమతి ఉంది. కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా మార్గం ఉంది. చికిత్సలో ఉన్నవారు రోజా పాటించాలా వద్దా అన్నది వైద్యుడితోనూ, తెలిసిన ఆలిమ్‌తోనూ మాట్లాడి ముందుగానే నిర్ణయించుకోవాలి. ఒక్కటి మాత్రం ఖాయం. రోజా ఉన్నా లేకపోయినా నోట్‌బుక్ ఆగరాదు.

తేదీ కోసం ఆగరానివి

కొన్ని లక్షణాలకు అంకెలు వేస్తూ కూర్చోకూడదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం రావడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఆగకుండా రక్తం పోవడం, నల్లని విరేచనాలతో పాటు కళ్ళు తిరగడం కనిపిస్తే వెంటనే 108కు ఫోను చేయాలి. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. తెల్లకణాలు తగ్గిన స్థితిలో వచ్చే జ్వరం ప్రాణాంతకం కాగలదు.

ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నవారు ఈ వారమే ఒక నోట్‌బుక్ తెరవాలని మా విన్నపం. ఆసుపత్రికి తీసుకెళ్ళడం, మందులు కొనడం, ఖర్చు భరించడం అన్నీ మనం చేస్తూనే ఉన్నాం. వాటితో పాటు పక్కన కూర్చొని “ఈరోజు ఎంత నీరసంగా ఉంది?” అని అడగడం, చెప్పిన అంకెను కొట్టిపారేయకుండా రాసుకోవడం కూడా సేవే. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.